టీచింగ్ ప్రాక్టీస్ సెమిస్టర్: ఛాత్రోపాధ్యాయులు ఎప్పుడు దేని మీద దృష్టి పెట్టాలి

బడిలో పాఠాలు చెబుతూ నేర్చుకునే టీచింగ్ ప్రాక్టీస్ కొత్తలో ఏ ఛాత్రోపాధ్యాయుల (టీచర్ కోర్సు చదివేవాళ్ల) ధ్యాసైనా తమమీదే ఉంటుంది. గొంతు వణుకుతోందేమో, ప్లాన్‌లో రాసుకున్నది మరిచిపోతామేమో, వెనక బెంచీలో సూపర్‌వైజర్ ఏం రాసుకుంటున్నారో అని. అమెరికా విద్యా పరిశోధకురాలు ఫ్రాన్సిస్ ఫుల్లర్ 1969లోనే ఈ సంగతి గమనించారు: కొత్త టీచర్ల ఆందోళన ముందు తమ గురించి, తర్వాత పిల్లలు ఏం నేర్చుకుంటున్నారన్న దాని గురించి. సెమిస్టర్ సగానికి వచ్చేసరికి మీ చూపు పిల్లల నోటుపుస్తకాల మీదికి మళ్లిందంటే దారిలో పడ్డట్టే. అది దానంతటదే మళ్లదు, మళ్లించాలి.

మొదటి వారం పరిశీలనకు ఇస్తారు. చాలామంది ఆ వారమంతా టీచర్ ఏం చెప్పారో రాసుకుంటూ గడిపేస్తారు. కాగితాన్ని మూడు నిలువు గడులు చేయండి: సమయం, టీచర్ చేసింది, పిల్లలు చేసింది. ఐదేసి నిమిషాలకోసారి నింపండి. మూడో గడిలో వరసగా ‘వింటున్నారు’ అనే పడుతుంటే మీరు పిల్లల్ని చూడట్లేదన్నమాట. ఎవరు ఎక్కడ కూర్చుంటారో పేర్లతో పటం గీసుకోండి. క్లాసు సద్దుమణగడానికి మెంటార్ టీచర్ (ఆ క్లాసు అసలు టీచర్) ఏం చేస్తారు, పుస్తకాలు ఎలా పంచుతారు అన్నవి కూడా రాసుకోండి. మొదటి రెండు వారాలు ఆ అలవాట్లనే వాడండి, సొంత నియమాలు తర్వాత పెట్టుకోవచ్చు.

పాఠ్య ప్రణాళిక

ప్లాన్‌ను చివరి నుంచి రాయడం మేలు. పీరియడ్ ఆఖర్న పిల్లలు విడిగా చేయాల్సిన ప్రశ్న ఏదో ముందు తేల్చుకోండి. ‘భిన్నాలను అర్థం చేసుకుంటారు’ అన్న లక్ష్యాన్ని ఎవరూ సరిచూడలేరు. ‘లవం 1గా ఉన్న రెండు భిన్నాలు ఇస్తే ఏది పెద్దదో చెప్పి, కారణం బొమ్మ గీసి చూపిస్తారు’ అంటే సరిచూడొచ్చు. 45 నిమిషాల పీరియడ్‌ను ఇలా పంచుకోవచ్చు: పూర్వజ్ఞానానికి 5, బోధనకు 12, పిల్లల పనికి 15, చర్చకు 8, చివరి ప్రశ్నకు 5.

లెక్క తప్పేది దాదాపు ఎప్పుడూ మొదట్లోనే. ప్రవేశం పావుగంట తినేస్తుంది, కోత చివరి ప్రశ్నకు పడుతుంది. దాంతో ఎవరికి వచ్చిందో ఎవరికి రాలేదో తెలియకుండానే గంట కొట్టేస్తారు. మార్జిన్‌లో ‘5 నిమిషాలు’ అని కాకుండా 10:20, 10:25 అని గడియారం సమయమే వేసుకోండి. ఆలస్యమైతే ఏ ఉదాహరణ వదిలేయాలో ముందే గుర్తు పెట్టుకోండి. క్లాసులోకి మూడు పేజీల ప్లాన్ పట్టుకెళితే చదువుతూ నిలబడిపోతారు; వాడే అంకెలు, నాలుగు ముఖ్యమైన ప్రశ్నలు, బోర్డు మీద ఏది ఎక్కడ రాయాలో ఒక కార్డు మీద ఉంటే చాలు.

భిన్నాల పాఠమే చూద్దాం. ఒక్కొక్కరికి 24 సెం.మీ. కాగితపు పట్టీలు రెండు. ఒకదాన్ని సగానికి, మళ్లీ సగానికి మడిస్తే నాలుగు భాగాలు. మూడు భాగాలు మాత్రం చేతి అంచనాతో సమానంగా రావు. ఒకటి 7, ఒకటి 9 సెం.మీ. వచ్చిందంటే ‘సమాన భాగాలు’ అన్న మాటే దెబ్బతింటుంది. అందుకే రెండో పట్టీ మీద స్కేలుతో 8, 16 సెం.మీ. దగ్గర గీతలు పెట్టించండి. ఇప్పుడు 1/3 పెద్దదా, 1/4 పెద్దదా అని అడగండి. 3 కన్నా 4 పెద్దది కాబట్టి 1/4 అనేవాళ్లు తప్పక ఉంటారు. అక్కడ ‘కాదు, ఇంకెవరు చెప్తారు?’ అన్నారో, ఆ పిల్లవాడు నోరు మూసుకుంటాడు, తప్పు అలాగే ఉండిపోతుంది. ‘ఎందుకలా అనుకున్నావు?’ అని అడిగి, 8 సెం.మీ. ముక్కనూ 6 సెం.మీ. ముక్కనూ పక్కపక్కన పెట్టించండి. ఆ తర్వాత పట్టీలు పక్కన పెట్టేసి 1/5, 1/8 ఇవ్వండి. అర్థమైందో, కళ్లకు కనబడింది చెప్పారో దానితో తేలుతుంది. పట్టీలన్నీ ఒకే పొడవుండాలని వేరే చెప్పాలా? చెప్పాలి. ఎవరైనా చిరిగిపోయిన 15 సెం.మీ. ముక్కను మూడు చేస్తే 1/3కి 5 సెం.మీ. వస్తుంది, పక్కవాడి 1/4 ఏమో 6.

పట్టీలు పంచేశాక సూచనలు చెబితే ఎవరూ వినరు. ఏం చేయాలి, ఎంతసేపు, అయిపోయాక ఏం చేయాలి అన్నవి ముందే చెప్పి, ఒకరితో తిరిగి చెప్పించి, అప్పుడు పంచండి. క్లాసులో గోల సమస్యలు చాలావరకు ఇక్కడే పుడతాయి, దాన్ని పిల్లల అల్లరి కింద రాసేస్తుంటారు.

ప్రశ్నలు, బోర్డు

ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతారని అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో 1970ల్లో చూపించారు. ఆ విరామం మూడు సెకన్లు దాటితే జవాబులు పొడవవుతాయి, మౌనంగా ఉండిపోయేవాళ్లు తగ్గుతారు. ప్రశ్న ముందు, విరామం తర్వాత, పేరు ఆఖర్న. పేరు ముందే పిలిస్తే మిగతావాళ్లంతా ఊపిరి పీల్చుకుని ఆలోచించడం మానేస్తారు. ‘అర్థమైందా?’ అని మాత్రం అడగకండి. క్లాసంతా ‘అర్థమైంది సార్’ అని రాగం తీస్తుంది, మీకు తెలిసేది సున్నా. దాని బదులు ఒక చిన్న లెక్క నోటుబుక్కులో రాయించి వరసల మధ్య నడవండి.

బోర్డును మూడు భాగాలు చేయండి. ఎడమన పాఠం పేరు, ముఖ్యమైన పదాలు చివరిదాకా ఉంటాయి, మధ్యలో బోధన, కుడివైపు చెరిపేసే చిత్తు పని. రాస్తూ మాట్లాడకండి. క్లాసుకు ముందే ఒక్క వాక్యం రాసి చివరి బెంచీ నుంచి చదివి చూసుకోండి.

సూచనలు అందుకోవడం

సూక్ష్మబోధన (మైక్రోటీచింగ్), అంటే కొద్దిమందికి కొన్ని నిమిషాల పాఠం చెప్పి లోపాలు దిద్దుకునే అభ్యాసం, 1963లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మొదలైంది. వాడుకలో ఉన్న ఒక నమూనాకు 36 నిమిషాలు పడుతుంది: బోధనకు 6, సమీక్షకు 6, మళ్లీ ప్లాన్ రాసుకోవడానికి 12, మళ్లీ బోధనకు 6, మళ్లీ సమీక్షకు 6. ఇందులో పిల్లలుగా కూర్చునేది తోటి ఛాత్రోపాధ్యాయులే, చెడేది వాళ్ల మర్యాద వల్ల. అందరూ సరైన జవాబులే చెప్తారు. ఇద్దరికి ముందే ఒక తప్పు ఆలోచన అప్పగించి, అది పట్టుకునే మాట్లాడమనండి.

సూపర్‌వైజర్ ఒక్క పాఠానికే పది సూచనలు రాస్తారు. అన్నీ ఒకేసారి సరిచేయబోతే ఒక్కటీ కుదరదు. ఒకటి ఎంచుకుని మూడు పాఠాల దాకా దానిమీదే ఉండండి, ఏది ఎంచుకున్నారో వారికీ చెప్పండి. సూచనను లెక్కపెట్టగలిగేలా మార్చుకోవాలి. ‘పిల్లల్ని ఇంకా భాగస్వాముల్ని చేయాలి’ అన్నారనుకోండి, కూర్చునే పటం ఒక స్నేహితుడికి ఇచ్చి, మీరు ఎవరిని పిలిస్తే ఆ పేరు దగ్గర టిక్ పెట్టమనండి. ముందు వరసల్లో, నడిమధ్యన టిక్కులు గుంపుగా కనిపిస్తాయి, మూలలు ఖాళీగా ఉంటాయి. తర్వాతి పాఠంలో ఎక్కడ నిలబడాలో ఆ కాగితమే చెప్తుంది.

చివరి ప్రశ్న కాగితాలను ఆ రోజే మూడు కుప్పలు చేయండి: వచ్చినవి, సగం వచ్చినవి, రానివి. మార్కులు అక్కర్లేదు. నలభై కాగితాలైనా పదినిమిషాల పని. మూడో కుప్పలో ఒకే తప్పు పదేపదే కనిపిస్తే రేపటి మొదటి ఐదు నిమిషాలు దానికే. టీచింగ్ ప్రాక్టీస్ రికార్డులో పునరాలోచన కూడా అప్పుడే నాలుగు వరసలు రాసేయాలి. ‘పాఠం బాగా జరిగింది’ అని కాదు. ఏ ప్రశ్న దగ్గర ఎందరు ఆగిపోయారో, ఎందుకో. నెలాఖరున ఒకేసారి కూర్చుని రాసే రికార్డులన్నీ ఒకేలా ఉంటాయి, దిద్దేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది.

ప్లాన్ రెండు రోజుల ముందే మెంటార్‌కు చూపించండి, మార్చుకోవడానికి ఒక సాయంత్రమైనా మిగలాలి. మార్కులు వేసే ఫైనల్ లెసన్‌కు కొత్త పద్ధతి ఏదీ ఎత్తుకోకండి. కుదిరితే బాగా తెలిసిన తరగతిని, ఇదివరకు వాడిన ఉపకరణాలను తీసుకోండి. పట్టీలు మాత్రం తలా రెండు చొప్పున అయ్యే లెక్క కన్నా ఓ పది ఎక్కువ కత్తిరించుకుని వెళ్లండి.