యూనివర్సిటీలో మన చదువుకి నిజంగా సాయపడినవాళ్ళని గుర్తించి సన్మానించడం ఎలా?

మన సీమ యూనివర్సిటీలకి వచ్చే పిల్లల్లో ఇంట్లో మొదటిసారి డిగ్రీ దాటినవాళ్ళు చాలామందే ఉంటారు, పల్లె నుంచి తెలుగు మీడియంలో చదువుకొని వచ్చి పీజీలో నిలదొక్కుకున్నారంటే వెనకాల ఎవరో ఒకరు చెయ్యి పట్టుకొని నడిపించి ఉంటారు. ఆ ఒక్కరి పేరు ఎక్కడా రాసి ఉండదు. కాలేజీల, యూనివర్సిటీల క్వాలిటీ చూసి గుర్తింపు ఇచ్చే న్యాక్ వాళ్ళ స్టూడెంట్ సర్వేలో 21 ప్రశ్నలుంటాయి, 20కి టిక్ పెట్టడమే, చివరిదాంట్లో సలహాలు రాస్తాం, ఫలానా మనిషి నాకు ఇంత చేశారు అని చెప్పే చోటు దాంట్లో లేదు. కాబట్టి అది మనమే చేసుకోవాలి. అనంతపురంలో ఎస్కేయూ (శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ) అయినా, కడపలో యోగి వేమన అయినా, కర్నూల్లో రాయలసీమ యూనివర్సిటీ అయినా, డిపార్ట్‌మెంట్ లెవెల్లో స్టూడెంట్సే చేసుకోగలిగిన పని ఇది.

ముందు ఎవరెవరు లిస్టులోకి వస్తారో తేల్చుకోండి. ప్రొఫెసర్లు ఎట్లాగూ వస్తారు. గెస్ట్ ఫ్యాకల్టీ, కాంట్రాక్ట్ మీద క్లాసులు చెప్పే అకడమిక్ కన్సల్టెంట్లు, ల్యాబ్ అటెండర్, లైబ్రరీ కౌంటర్లో కూర్చునే ఆయన, ఎగ్జామ్ సెక్షన్లో మేడమ్, హాస్టల్ వాళ్ళు, వీళ్ళందర్నీ కలపండి. కేంద్ర ప్రభుత్వం ఇచ్చే జాతీయ టీచర్ అవార్డుల్లో 2023 నుంచి యూనివర్సిటీ, పాలిటెక్నిక్ వాళ్ళకి కూడా చోటు ఇచ్చారు, మంచిదే, కానీ అది రెగ్యులర్ ఫ్యాకల్టీకి. కన్సల్టెంటుగా ఏళ్ళ తరబడి క్లాసులు చెప్తున్నవాళ్ళకీ, మనం రాకముందే బ్యూరెట్లు కడిగి సొల్యూషన్లు రెడీగా పెట్టే అటెండర్‌కీ మనం తప్ప ఎవరు ఇస్తారు చెప్పండి?

తర్వాత టైమ్. సెమిస్టర్ రిజల్ట్స్ వచ్చాకే పేర్లు అడగండి. ఇంటర్నల్స్ చేతిలో ఉన్నప్పుడు అడిగితే ఎవరూ మనసులో మాట రాయరు, భయంతోనో మార్కుల ఆశతోనో రాస్తారు. సెప్టెంబర్ 5 కూడా వద్దంటాను నేను, ఆ రోజు టీచర్ల హడావిడిలో అటెండర్లు, క్లర్కులు వెనక వరసలోనే ఉండిపోతారు.

ఇప్పుడు గూగుల్ ఫామ్. ఇదే అసలు పని, దీనికి టైమ్ పెట్టండి. 'బెస్ట్ టీచర్ ఎవరు' అని అడగొద్దు, స్టార్లు పెట్టొద్దు. రెండే ప్రశ్నలు చాలు: ఆయన లేదా ఆమె ఏం చేశారు? దానివల్ల మీ చదువులో ఏం మారింది? తెలుగులో రాయొచ్చని పైనే పెట్టండి, లేకపోతే సగం మంది ఇంగ్లీషు భయానికే మూసేస్తారు. రాసినవాళ్ళ పేరు బయటకి రాదని కూడా చెప్పండి. 'సార్ చాలా మంచివారు' అని వస్తే దాంతో ఏం చేయలేం. 'మేడమ్ కాన్సెప్ట్ తెలుగులో చెప్పి, అదే ఆన్సర్ ఇంగ్లీషులో మాతో రాయించి, తప్పులు దిద్ది మళ్ళీ రాయించేవారు, సప్లీ లేకుండా పాసయ్యాను' అని వచ్చిందనుకోండి, అదీ కావాల్సింది.

ఎన్ని ఓట్లు పడ్డాయని లెక్కపెట్టొద్దు. రెండొందల మందికి క్లాస్ చెప్పే సార్‌కి ఓట్లు ఎక్కువే వస్తాయి, పది మంది ఉన్న స్పెషలైజేషన్ చెప్పేవాళ్ళకి ఎక్కడ్నుంచి వస్తాయి? ఫస్టియర్ ఒకరు, సెకండియర్ ఒకరు, పీహెచ్‌డీ స్కాలర్ ఒకరు, లేడీస్ హాస్టల్ నుంచి ఒకరు, పాత స్టూడెంట్ ఒకరు కూర్చొని రాసింది చదవండి, అది నిజమేనా అని ఇంకో ఇద్దర్ని కనుక్కోండి. కులం, ఊరు, గ్రూపు పేరుతో ఒకేరకం మెసేజ్‌లు గుంపుగా వచ్చాయంటే చూడగానే తెలిసిపోతుంది, పక్కన పెట్టేయండి, మొహమాటపడొద్దు.

సర్టిఫికెట్ మీద 'అహర్నిశలు కృషి చేసిన' లాంటి మాటలు వద్దు. పిల్లలు రాసిన ఆ రెండు మూడు వాక్యాలే వేయండి. డిపార్ట్‌మెంట్ హెడ్ (హెచ్‌ఓడీ) గారిని కలిసి పర్మిషన్ తీసుకొని డిపార్ట్‌మెంట్ లెటర్‌హెడ్ మీద కాపీ అడగండి, ఒకటి యూనివర్సిటీలో క్వాలిటీ పనులు చూసే ఐక్యూఏసీ సెల్‌కి, ఒకటి రిజిస్ట్రార్ ఆఫీసుకి ఇచ్చి అందినట్టు సంతకం తీసుకోండి. కాంట్రాక్ట్ మీద ఉన్నవాళ్ళకి రెన్యువల్ టైమ్‌లో శాలువా కన్నా ఆ కాగితం ఎక్కువ అక్కరకొస్తుంది.

మీటింగ్ సెమినార్ హాల్లో పెట్టుకుంటే సరిపోతుంది, ఫ్లెక్సీలు అక్కర్లేదు. ఖరీదైన గిఫ్టులు అసలే వద్దు, తీసుకునేవాళ్ళకి ఉద్యోగం రూల్స్‌తో ఇబ్బంది. స్టేజీ ఎక్కడం ఇష్టమో కాదో ముందే అడగండి, కొందరు అటెండర్లు బాగా మొహమాటపడతారు, వాళ్ళకి ల్యాబ్‌లోనే పదిమంది మధ్య చదివి ఇచ్చేయొచ్చు. ఎవరిచేత ఇప్పించినా, చదివేది మాత్రం స్టూడెంటే చదవాలి.

ఇంకోటి, సెలెక్ట్ కానివాళ్ళ గురించి వచ్చిన మంచి మెసేజ్‌లు ఫామ్‌లోనే ఉండిపోనివ్వొద్దు. రాసినవాళ్ళ పేర్లు తీసేసి, ప్రింట్ తీయించి, ఎవరివి వాళ్ళకి కవర్లో పెట్టి ఇచ్చేయండి. ఫామ్ లాగిన్ జూనియర్లకి అప్పజెప్పి వెళ్ళండి, వచ్చే ఏడాది వాళ్ళు మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టక్కర్లేదు.