పిల్లికి ఫిట్స్ వస్తే ఏం చేయాలి?

పిల్లి ఉన్నట్టుండి పక్కకు ఒరిగి, బిగుసుకుపోయి, కాళ్లు కొట్టుకుంటూ నురగ కక్కుతుంటే ఎవరికైనా ముందు ఒళ్లోకి తీసుకోవాలనిపిస్తుంది. ఆ పని మాత్రం చేయొద్దు. స్పృహ లేని పిల్లి పెంచిన మనిషినే గట్టిగా కరిచేస్తుంది.

1. ముందు టైమ్ చూసుకోండి. చాలావరకు ఒకటి రెండు నిమిషాల్లో ఆగిపోతుంది, టెన్షన్‌లో మనకే అరగంటలా అనిపిస్తుంది. ఐదు నిమిషాలు దాటినా, 24 గంటల్లో మళ్లీ వచ్చినా, తేరుకోకముందే ఇంకోటి మొదలైనా అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

2. మంచం మీదో మెట్ల దగ్గరో ఉంటే దుప్పటితో మెల్లగా నేల మీదకు జరపండి. తల పక్కన టవల్ పెట్టి, టీవీ, లైట్లు ఆపేయండి. నోట్లో వేలు, చెంచా, నీళ్లు ఏవీ పెట్టొద్దు. అది నాలుక మింగేయదు. ఇంట్లో ఎవరో ఒకరు తాళాల గుత్తి తెస్తారు. ఇనుము తగలగానే తగ్గినట్టే ఉంటుంది, కానీ అప్పటికి అది తగ్గే వేళే.

3. ఇంకొకరి చేత వీడియో తీయించండి. డాక్టర్ ముందుకు వెళ్లేసరికి పిల్లి ఏమీ ఎరగనట్టు కూర్చుంటుంది. ముఖం ఒక పక్క అదరడం, చొంగ కారడం మాత్రమే ఉన్నా అదీ ఫిట్స్ కావచ్చు.

4. ఆగాక కాసేపు తూలుతుంది, కళ్లు కనపడనట్టు గోడలకు తగులుతుంది. బాల్కనీ తలుపు వేసేయండి. పూర్తిగా తెలివి వచ్చాకే తిండి, నీళ్లు.

5. కారణం వెతకండి. ముందు అడగాల్సింది: ఈ మధ్య కుక్కకు వాడే పేలమందు దీని మెడ మీద వేశారా? వాటిలో కొన్నింట్లో ఉండే పర్మెత్రిన్ కుక్కకు ఏమీ చేయదు, పిల్లికి విషం. వేసి ఉంటే వెంటనే ఆసుపత్రికి బయల్దేరండి, ప్యాకెట్ కూడా పట్టుకెళ్లండి. ముసలి పిల్లుల్లో కిడ్నీ జబ్బు, బీపీ, మెదడులో గడ్డ, షుగర్ ఉన్నవాటికి ఇన్సులిన్ ఎక్కువవడం కూడా కారణాలే. కొన్ని ముసలి పిల్లులకు అల్యూమినియం ఫాయిల్ నలిపిన చప్పుడుకో, గిన్నెలో చెంచా పడ్డ శబ్దానికో ఫిట్స్ వస్తాయి! మన స్టీలు గిన్నెల వంటిళ్లలో ఇది గమనించాల్సిన విషయమే. తేదీ, ఎంతసేపు, అంతకుముందు ఏం జరిగింది అని క్యాలెండర్ మీదే రాసుకోండి.

6. మళ్లీ మళ్లీ వస్తుంటే డాక్టర్ సాధారణంగా ఫినోబార్బిటాల్ రాస్తారు, రోజుకు రెండుసార్లు. మొదటి వారాల్లో మత్తుగా, తూలుతూ, తెగ ఆకలిగా ఉంటుంది. కంగారుపడి మానేయొద్దు. ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ ఇంకా తీవ్రంగా రావచ్చు. ఇంట్లో మనుషులు వాడే ఫిట్స్ మాత్రలు సొంతంగా ఇవ్వొద్దు. మాత్ర గొంతులో అంటుకోకుండా వెనకే సూది లేని సిరంజితో కొంచెం నీళ్లు పట్టండి.

ఊరెళ్లేటప్పుడు తిండి పెట్టే మనిషిని కాదు, మాత్ర మింగించగల మనిషిని చూసుకోండి. వెళ్లే ముందు రెండు పూటలు మీ ఎదుటే వేయించి చూడండి.