ఆఫ్ అంటే ఆగిపోవడం ఒక్కటే కాదు: కొత్తగా వచ్చినవారికి

బ్యాంకు ఖాతా ఎలా తెరవాలి, సిమ్ ఎక్కడ కొనాలి, అద్దె కాగితాల్లో ఏం చూసుకోవాలి అని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, ఆ పనులు ఎలాగోలా మీరే చేసుకుంటారు కూడా. ఇంగ్లిష్ మాట్లాడే దేశానికి కొత్తగా వచ్చిన మీకు నేను చెప్పేది ఒక్క మాట గురించి. ఆఫ్. స్విచ్ మీద రాసి ఉంటుందే, ఆ ఆఫే. చిన్నప్పటినుంచీ తెలిసిన మాటే కదా అని దీన్ని ఎవరూ పట్టించుకోరు, ఇబ్బందంతా అక్కడే మొదలవుతుంది. తెలియని మాట వినపడితే పక్కవాళ్లని అడుగుతాం, లేదంటే ఫోన్‌లో వెతుక్కుంటాం. తెలుసనుకున్న మాటని వెతకాలన్న ఆలోచనే రాదు.

ఈమధ్య మా బిల్డింగ్‌లోకి కొత్తగా వచ్చిన ఒక కుర్రాడికి మెసేజ్ వచ్చింది, పొద్దున ఫైర్ అలారం "వెంట్ ఆఫ్" అని, మళ్లీ "గోస్ ఆఫ్" అయితే లిఫ్ట్ వాడకుండా మెట్ల మీదుగా కిందికి రమ్మని. అలారం పాడై ఆగిపోయిందట, బాగుచేస్తార్లే అనుకున్నాడు అతను. సాయంత్రం అది గట్టిగా మోగింది. అందరం మెట్లు దిగి బయట నిలబడ్డాం, అతను మాత్రం రిపేరు చేసి పరీక్షించుకుంటున్నారనుకుని గదిలోనే కూర్చున్నాడు. ఆ రోజు నిప్పు లేదు కాబట్టి సరిపోయింది. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు, అందుకే ఇది రాస్తున్నాను.

కాబట్టి మిగతాదంతా మర్చిపోయినా ఇది మర్చిపోవద్దు. అలారం "వెంట్ ఆఫ్" అంటే మోగింది అని. ఆగింది అని కాదు. అలారం "ఈజ్ ఆఫ్" అంటే ఆపేసి ఉంది. "టర్న్‌డ్ ఆఫ్" అంటే ఎవరో ఆపారు. అదే లైట్లు "వెంట్ ఆఫ్" అంటే మాత్రం ఆరిపోయాయి. బాంబు "వెంట్ ఆఫ్" అంటే పేలింది. పాలు "వెంట్ ఆఫ్" అని బ్రిటన్‌లో అంటే విరిగిపోయాయి, పాడయ్యాయి. ఒక మనిషి కాఫీ నుంచి "గాన్ ఆఫ్" అంటే ఇదివరకు ఇష్టంగా తాగేవాడు, ఇప్పుడు దాని మీద ఇష్టం పోయింది. అదే గో, అదే ఆఫ్, పక్కనున్న వస్తువుని బట్టి అర్థం తలకిందులవుతోంది. దీనికి నాకు తెలిసిన దారి ఒకటే, ముందు ఏ వస్తువు గురించి మాట్లాడుతున్నారో చూడండి, ఆఫ్ సంగతి ఆ తర్వాత.

అలారం దగ్గర ఎందుకిలా అంటే, ఆఫ్‌కి అసలు అర్థం ఆగడం కాదు, ఉన్నచోటు నుంచి విడిపోవడం, దూరంగా వెళ్లడం. తుపాకీ పేలితే కూడా "వెంట్ ఆఫ్" అనే అంటారు, లోపల బిగించి పెట్టినది ఒక్కసారిగా విడుదలైందని. అలారాన్ని కూడా ముందు "సెట్" చేసి పెడతారు కదా, సమయం వచ్చినప్పుడో పొగ తగిలినప్పుడో అది విడుదలవుతుంది. అలా ఊహించుకుంటే పొరపాటు పడరు. పొద్దున లేవడానికి పెట్టుకునే అలారానికీ ఇదే మాట. "మై అలారం డిడ్‌ంట్ గో ఆఫ్" అని ఎవరైనా ఆలస్యంగా వచ్చి చెబితే, అలారం మోగలేదు, అందుకే లేవలేదు అని. ఆగకుండా మోగుతూనే ఉందని కాదు.

ఆఫ్ అంటే ముగింపు అన్న భావన మన బుర్రలోంచి ముందు పోవాలి. మీటింగ్ "కిక్ ఆఫ్" అంటే మొదలు. ప్రయాణానికి "సెట్ ఆఫ్" అంటే బయల్దేరడం. విమానం "టేకాఫ్" సంగతి మనకి తెలుసు, వ్యాపారం "టేకాఫ్" అయిందంటే ఊపందుకుంది. "స్టార్ట్ ఆఫ్" అంటే సరేసరి. ఇవన్నీ మొదలయ్యేవే. ఇక "కాల్ ఆఫ్" అంటే రద్దు, "పుట్ ఆఫ్" అంటే వాయిదా. ఈ రెండింటికీ తేడా తెలియక ఊరికే సెలవు అనుకుని వాయిదా పడిన మీటింగ్‌కి రానివాళ్లని చూశాను. మీటింగ్ "ఈజ్ ఆఫ్" అన్నారంటే అది లేదు, రద్దయింది. ఏదైనా "పుట్ మీ ఆఫ్" అన్నారంటే మాత్రం వాయిదాతో సంబంధం లేదు, దాన్ని చూసి విరక్తి కలిగింది, ముందుకి వెళ్లాలనిపించలేదు అని.

నా మొదటి నెలలు ఏమంత బాగా గడవలేదు. ఆఫీసులో ప్రతి మెయిల్ రెండుసార్లు చదివేవాణ్ణి, ఎవర్నైనా అడుగుదామంటే ఇంత చిన్న మాట కూడా తెలియదా అనుకుంటారేమోనని మొహమాటం. మీ లెక్కల్లో "సమ్‌థింగ్ ఈజ్ ఆఫ్" అని ఒకరు రాస్తే, అది చిన్న తేడానా, నా మీద నమ్మకం పోయిందా అని ఆ వారాంతమంతా టెన్షన్. అది చాలా మెత్తని మాట, ఎక్కడో ఏదో సరిగ్గా లేదు, ఒకసారి చూడండి అని మాత్రమే అర్థం. "ఆఫ్ బై టూ" అన్నారంటే రెండు తేడా వచ్చింది. ప్రోగ్రామింగ్ చేసేవాళ్లకి "ఆఫ్ బై వన్ ఎర్రర్" తెలిసే ఉంటుంది, అదే ఆఫ్ ఇది. ఒక మనిషి ప్రవర్తన "ఎ బిట్ ఆఫ్" అని బ్రిటన్‌వాళ్లు అంటే మాత్రం కొంచెం మర్యాదగా లేదని. మీ గురించి అలా అన్నారని తెలిస్తే తేలిగ్గా తీసుకోకండి.

సెలవు దగ్గర ఇంకో చిక్కు. మనం "ఈ రోజు నాకు ఆఫ్" అంటాం, దాన్నే ఇంగ్లిష్‌లోకి తిప్పి "టుడే ఈజ్ మై ఆఫ్ డే" అనేస్తాం. "డే ఆఫ్" అంటే సెలవు. "ఆఫ్ డే" అంటే ఆ రోజు మన పని బాగా సాగలేదని, ఆటగాడు ఆ రోజు సరిగ్గా ఆడలేదని. మాటల వరస మారితే అర్థమే మారింది చూడండి. "ఐయామ్ ఆఫ్ టుమారో" అంటే రేపు సెలవులో ఉంటాను. "ఐయామ్ ఆఫ్" అని బ్యాగు తగిలించుకుంటూ అంటే ఇక బయల్దేరుతున్నాను. "ఆఫ్ యూ గో" అంటే సరే వెళ్లు, మొదలుపెట్టు అని, మామూలుగా పెద్దవాళ్లు పిల్లలతో అనేది. అయితే ఆఫ్‌తో పొమ్మని కసిరే మాటలూ, బూతులూ ఉన్నాయి. అవి నేర్చుకోనక్కర్లేదు, గొంతు బట్టి గుర్తుపట్టి దూరం జరిగితే చాలు.

"లేఆఫ్" గురించి ఒక్క నిమిషం ఆగి చదవండి, ఎందుకంటే ఇది వీసాతో, జీతంతో ముడిపడి ఉన్న విషయం. అమెరికాలో ఇప్పుడు లేఆఫ్ అంటే మామూలుగా ఉద్యోగం పోవడమే, అదీ మీ తప్పు వల్ల కాదు, కంపెనీ ఖర్చు తగ్గించుకోవడం వల్ల. బ్రిటన్ నిబంధనల్లో లేఆఫ్ అంటే చేయించడానికి పని లేక కొన్నాళ్లు ఇంటి దగ్గర ఉండమనడం, పోస్టే తీసేస్తే "రిడండెంట్" అంటారు. ఎవరో "హీ వాజ్ లేడ్ ఆఫ్" అనగానే అతని మీద ఏదో మచ్చ పడిందనుకోకండి, అలాగని వారం రోజులు సెలవనీ అనుకోకండి. మీకే ఆ కాగితం వస్తే, తాత్కాలికమా శాశ్వతమా అని రాతపూర్వకంగా అడగండి. అన్నట్టు "లే ఆఫ్ హిమ్" అంటే ఉద్యోగం గొడవే కాదు, వాడి జోలికి పోకు అని.

డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు కూడా జాగ్రత్త. మందు ప్రభావం "వేర్ ఆఫ్" అవుతుందంటే మెల్లగా తగ్గిపోతుందని. మందు నుంచి "కమ్ ఆఫ్" అవడమంటే మానేయడం, కొన్ని మందులు ఒక్కసారిగా మానకూడదని ఆ మాటతోనే హెచ్చరిస్తారు, కాబట్టి చెవులు రిక్కించి వినండి. "ఆర్ యూ ఆఫ్ యువర్ ఫుడ్" అని బ్రిటన్ డాక్టర్ అడిగితే ఆకలి మందగించిందా, తిండి సహించడం లేదా అని. అక్కడే డాక్టర్ మిమ్మల్ని రెండు వారాలు "సైన్ ఆఫ్" చేశారంటే ఆ రెండు వారాలు పనికి వెళ్లే స్థితిలో లేరని కాగితం ఇచ్చారన్నమాట. ఆఫీసులో ఒక పత్రం మీద "సైన్ ఆఫ్" అంటే పూర్తిగా వేరు, సరే కానివ్వండి అని ఆమోదించడం.

డబ్బు విషయంలో మన ఉచ్చారణే మనల్ని ఇరికిస్తుంది. ఒక ఎఫ్ ఉన్న మాటనీ, రెండు ఎఫ్‌లు ఉన్న మాటనీ మనం ఒకేలా ఆఫ్ అంటాం, రాసేటప్పుడూ అంతే. ఇంగ్లిష్‌వాళ్లు ఒక ఎఫ్ ఉన్నదాన్ని "అవ్" లాగా తేలిగ్గా అనేస్తారు, రెండు ఎఫ్‌లున్నదాన్ని ఒత్తి పలుకుతారు. పాత ఇంగ్లిష్‌లో ఈ రెండూ ఒకటే మాట, ఒత్తి పలికినది రాన్రానూ వేరు స్పెల్లింగుతో విడిపోయింది. వందలో ఇరవై శాతం "అవ్" అంటే మీరు కట్టేది ఇరవై. ఇరవై శాతం "ఆఫ్" అంటే కట్టేది ఎనభై. ఫోన్‌లో బేరం మాట్లాడుతున్నప్పుడు అనుమానం వస్తే చివరికి ఎంత కట్టాలో అంకె అడగండి, శాతాల మీద ఆగిపోకండి. అప్పు "పే ఆఫ్" చేశారంటే తీర్చేశారు, "రైట్ ఆఫ్" అయిందంటే ఇక వసూలు కాదని లెక్కలోంచి తీసేశారు, కారుని బీమావాళ్లు "రైట్ ఆఫ్" అంటే బాగుచేయించడం దండగని తేల్చారు. "వెల్ ఆఫ్" అంటే డబ్బున్నవాళ్లు. ఎవరైనా "ఆఫ్ ద టాప్ ఆఫ్ మై హెడ్" అని ఒక అంకె చెబితే అది చూడకుండా తోచినంత చెప్పింది, దాన్ని కాగితం మీద పెట్టకండి.

మన దగ్గర్నుంచి వెళ్లే రెండు వాడుకలు కూడా మార్చుకోవాలి. "లైట్ ఆఫ్ చెయ్యి" అలవాటుతో "ఆఫ్ ద లైట్" అనేస్తాం, అక్కడ "టర్న్" చేర్చాల్సిందే. ఆఫ్‌ని ఒంటరిగా క్రియలా వాడితే వాళ్ల వాడుక భాషలో చంపేయడం అని అర్థం, లైటు విషయంలో అలా ఎవరూ అనుకోరు గానీ మనిషి పేరు పక్కన మాత్రం పొరపాటున కూడా అనకండి. రెండోది, బ్యాటరీ అయిపోయినప్పుడు "మై ఫోన్ వాజ్ స్విచ్డ్ ఆఫ్" అంటాం, వినేవాళ్లకి మీరే కావాలని ఆపి పెట్టుకున్నట్టు వినపడుతుంది. బాసు రాత్రంతా ఫోన్ చేసి ఉంటే ఈ తేడా చిన్నది కాదు. ఫోన్ "డైడ్" అనండి.

ఇవి చెప్పినప్పుడల్లా కొందరు "అర్థమైందన్నా" అని తలూపుతారు, మర్నాడే వచ్చి మీటింగ్ ఉందా లేదా అని నన్ను అడుగుతారు. నన్నెందుకు అడగడం? మీటింగ్ పెట్టినవాళ్లనే అడగండి. "సో ఈజ్ ఇట్ క్యాన్సిల్డ్, ఆర్ జస్ట్ మూవ్‌డ్?" అంతే, ఒక్క వాక్యం. ఆఫ్ అంటే ఏమిటని అడగొద్దు, దానికి ఎవరూ జవాబు చెప్పలేరు. జరుగుతుందా జరగదా, రావాలా వద్దా, ఎంత కట్టాలి, ఎప్పటినుంచి, ఇవి అడగండి. అలారం అయితే అడగడాలు కూడా వద్దు, ఏ శబ్దం వచ్చినా, ఏ మెసేజ్ చదివినా, ముందు మెట్లు దిగి బయటికి రండి, అనుమానాలు కింద తీర్చుకోవచ్చు. అందరూ వెళ్తుంటే మీరొక్కరే లోపల ఎందుకున్నారని అడిగితే చెప్పడానికి మన దగ్గర ఏ సమాధానం ఉంటుంది?

ఒక విషయంలో మాత్రం మనకి కొంత వెసులుబాటు ఉంది. "కాల్ ద హోల్ థింగ్ ఆఫ్" లాంటి వాక్యాల్లో ఆఫ్ చివర్లో ఎక్కడో వస్తుంది, అది వచ్చేదాకా కాల్ అంటే ఫోన్ చేయడమో రద్దు చేయడమో తేలదు. తెలుగులో క్రియ మామూలుగా చివర్లోనే కదా, వాక్యం పూర్తయ్యేదాకా వినడం మనకి కొత్త కాదు. ఆ ఓపిక ఇంగ్లిష్ వినేటప్పుడు కూడా ఉంచుకోండి.

సరే, ఇంత భయపెట్టాను కాబట్టి ఇది కూడా చెప్పాలి. వస్తుంది. కొన్ని నెలలు ఆ మాటల మధ్య తిరిగితే దానంతటదే చెవికి పడుతుంది, నాకూ అలాగే పట్టింది. చిన్న మాటలు ఏ భాషలోనైనా ఇంతే. 1989లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ రెండో కూర్పులో "సెట్" అనే మూడక్షరాల మాటకి 430 అర్థాలిచ్చారు, అవన్నీ బట్టీపట్టి మాట్లాడేవాళ్లు ఎవరూ లేరు. మన "కొట్టు" చూడండి. ఈత కొడతాం, వాసన కొడుతుంది, బోరు కొడుతుంది, గుండె కొట్టుకుంటుంది, బట్టల కొట్టుకి వెళ్తాం, వీటిలో ఎక్కడా ఎవరికీ దెబ్బ తగల్లేదు. తెలుగు నేర్చుకునే విదేశీయుడు ఎవరైనా ఈ మాట దగ్గర తడబడితే మీరు విసుక్కోరు, నవ్వుకుంటూనే ఓపిగ్గా చెబుతారు. మీ పక్క సీటు మనిషి కూడా అంతే, అడిగితే చెబుతారు, చాలామందికి అలా చెప్పడం ఇష్టం కూడా. ఆ మాటకొస్తే వాళ్లలో వాళ్లకే తేడాలొస్తాయి. ఫలానా ఆయన మీటింగ్‌లో "కిక్డ్ ఆఫ్" అని బ్రిటన్ మనిషి చెబితే ఆయన కోపంతో గొడవకి దిగాడని, అదే వాక్యాన్ని అమెరికా మనిషి వింటే ఆయనే మీటింగ్ మొదలుపెట్టాడనుకునే అవకాశం ఉంది. అప్పుడు వాళ్లు కూడా ఒకర్నొకరు ఆగి అడుగుతారు.