రాత్రి పదైనా లాప్‌టాప్ మూతపడటం లేదా? వర్క్ ఫ్రమ్ హోమ్ సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

ఇంటి నుంచి పనిచేసేవాళ్ళు చెప్పుకునే బాధలు పైకి పది రకాలుగా ఉంటాయి. నిద్ర పట్టడం లేదు, నడుము లాగేస్తోంది, ఇంట్లో రోజూ గొడవ, పిల్లల మొహం చూసే తీరిక లేదు. తవ్వి చూస్తే కారణాలు మూడో నాలుగో ఉంటాయి. వాటిని చూడకుండా చాలామంది కొత్త కుర్చీ కొంటారు, ధ్యానం యాప్ వేసుకుంటారు, రేపటి నుంచి తెల్లారి ఐదుకే లేస్తానని ఒట్టు పెట్టుకుంటారు. రోగం ఒకచోట, మందు ఒకచోట అయ్యేసరికి ఏదీ పనిచేయదు. చివరికి లోపం తమలోనే ఉందనుకుని కుంగిపోతారు. అది చూస్తుంటే బాధేస్తుంది, ఎందుకంటే చాలాసార్లు లోపం క్యాలెండర్‌లో ఉంటుంది.

అమెరికా, యూకే క్లయింట్లతో పనిచేస్తూ హైదరాబాద్, విశాఖ, విజయవాడ నుంచో సొంతూరి నుంచో లాగిన్ అయ్యేవాళ్ళ కోసం ఇది.

అన్నిటికన్నా ముందు: ఐదు రోజుల కాగితం

అందరూ దాటేసే మెట్టు ఇదే. ఐదు పనిరోజులు ఒక కాగితం మీద రోజూ నాలుగే రాయండి: పొద్దున మొదటిసారి ఆఫీసు పని ముట్టుకున్న టైమ్ (మంచం మీద ఫోన్లో మెయిల్ చూసినా లెక్కే), రాత్రి చివరిసారి వదిలిన టైమ్, రాత్రి భోంచేసిన టైమ్, మధ్యలో నిజంగా పనిలోనో మీటింగ్‌లోనో ఉన్న గంటలు. రాత్రి కూర్చుని గుర్తు తెచ్చుకుని రాస్తే అది అంచనా అవుతుంది. ఎప్పటికప్పుడు రాయండి.

శుక్రవారం రెండు అంకెలు పక్కపక్కన పెట్టండి. పని 8, 9 గంటలే ఉండి, మొదలుకీ చివరికీ మధ్య 12, 13 గంటలు తేలితే మీకున్నది పనిభారం సమస్య కాదు, రోజు సాగిపోయిన సమస్య. కింద చెప్పేవన్నీ దానికే. పనే 11, 12 గంటలు ఉంటే ఏ సెట్టింగూ కాపాడదు. ఆ కాగితం పట్టుకుని మేనేజర్‌తో కూర్చోవాల్సిందే. నోటిమాటగా "చాలా లోడ్ ఉందండీ" అనడానికీ, ఐదు రోజుల లెక్క ముందు పెట్టడానికీ చాలా తేడా ఉంది.

లక్షణం: పని పెరగలేదు, అయినా నవంబరు నుంచి రాత్రి పదికి గానీ తెమలడం లేదు

కారణం: అమెరికా గడియారం మారింది, మీ పొద్దున మీటింగ్ మారలేదు.

ఇది అందరికీ తెలిసినట్టే ఉంటుంది. "డేలైట్ సేవింగే కదా, కాల్స్ గంట జరుగుతాయి" అని ఊరుకుంటారు. గంట జరగడం అంటే ఏమిటో ఒకసారి లెక్కేయండి.

అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకు జరుపుతారు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి తిప్పుతారు. మన గడియారం ఏడాదంతా కదలదు. ఈస్టర్న్ టైమ్‌కి (న్యూయార్క్ వైపు గడియారం) మనకి వేసవిలో తొమ్మిదిన్నర గంటల తేడా, చలికాలంలో పదిన్నర గంటలు. క్లయింటు పొద్దున 10కి పెట్టిన కాల్ మనకు వేసవిలో సాయంత్రం 7:30కి, చలికాలంలో 8:30కి పడుతుంది. చివరి కాల్ వాళ్ళ పొద్దున పదకొండున్నరకు అయిపోతే, మన రోజు వేసవిలో రాత్రి 9కి, చలికాలంలో 10కి ముగుస్తుంది.

ఇక్కడి టీమ్ స్టాండప్ (రోజూ పొద్దున పెట్టుకునే చిన్న మీటింగ్) మాత్రం పొద్దున 9:30కే ఉంటుంది. అంటే రోజు ఒక కొస కదలదు, రెండో కొస గంట సాగుతుంది. పదకొండున్నర గంటల రోజు పన్నెండున్నర అవుతుంది. 2026 నవంబరు 1 నుంచి 2027 మార్చి 14 దాకా 19 వారాలు. వారానికి ఐదు గంటల చొప్పున, సెలవులు తీసేయకముందు 95 గంటలు. ఎనిమిది గంటల పనిదినాల్లో చెప్పాలంటే దాదాపు పన్నెండు రోజులు. ఇవి ఏ టైమ్‌షీట్‌లోనూ కనపడవు. భోజనం వేళ తప్పుతుంది, నిద్ర తగ్గుతుంది, మనిషి చిరాకు పడతాడు. సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు "ఏంట్రా అలా అయిపోయావు" అంటారు. కారణం అడిగితే చెప్పడానికేమీ ఉండదు, ఎందుకంటే పనైతే పెరగలేదు.

పరిష్కారం, ఈ వరసలోనే చేయండి:

1. క్యాలెండర్‌లో వారం వారం వచ్చే మీటింగులు ఒక్కొక్కటీ తెరిచి, పెట్టింది ఎవరో, ఏ టైమ్‌జోన్‌లో పెట్టారో చూడండి. ఇలా మళ్ళీ మళ్ళీ వచ్చే మీటింగుల వరస (సిరీస్) ఏ టైమ్‌జోన్‌లో పుట్టిందో దానికే కట్టుబడి ఉంటుంది. ఈస్టర్న్‌లో పుట్టినది అక్కడ ఎప్పుడూ పదే, మనకే మారుతుంది. ఇండియా టైమ్‌లో పుట్టినది మనకు ఎప్పుడూ ఏడున్నరే, వాళ్ళకు చలికాలంలో తొమ్మిదవుతుంది.

2. "ఆ మీటింగ్ మా లీడే పెట్టారు, ఆయన కూకట్‌పల్లిలోనే ఉంటారు, అయినా గంట జరిగింది" అంటారు. అసలు మెలిక ఇక్కడే ఉంది. క్లయింటు ఇచ్చిన వర్చువల్ మెషీన్‌లోకి (నెట్ ద్వారా మన స్క్రీన్ మీద తెరుచుకునే వాళ్ళ కంప్యూటర్) లాగిన్ అయి అక్కడి ఔట్‌లుక్‌లో మీటింగ్ పెడితే, ఆ మెషీన్ గడియారం ఏ టైమ్‌లో ఉంటే మీటింగ్ ఆ టైమ్‌జోన్‌లోనే పుడుతుంది. మనిషి హైదరాబాద్‌లో ఉన్నా మీటింగ్ న్యూయార్క్‌ది అవుతుంది. మార్చి నుంచి అక్టోబరు దాకా ఏ తేడా కనపడదు, నవంబరు మొదటి ఆదివారం మర్నాడు బయటపడుతుంది. వర్చువల్ మెషీన్‌లో కింద కుడిమూల గడియారం చూడండి. అక్కడ పొద్దున, మన కిటికీలో సాయంత్రం అయితే ఆ మెషీన్ నుంచి పెట్టిన సిరీస్‌లన్నీ అనుమానించండి. వాటిని ఆపేసి, టైమ్‌జోన్ గడిలో కోల్‌కతా, చెన్నై, ముంబై, న్యూఢిల్లీ అని ఉన్నదాన్ని ఎంచుకుని కొత్తగా పెట్టండి. పాత సిరీస్‌ని దిద్దడం కన్నా కొత్తది పెట్టడమే తేలిక.

3. అన్ని కాల్స్‌నీ ఇండియా టైమ్‌కి మార్చమని అడగకండి, కుదరదు. వాళ్ళ పొద్దున 10, ఆ తర్వాతి కాల్స్‌నే అడగండి. పది తొమ్మిదైతే ఎవరూ అభ్యంతరపెట్టరు. ఎనిమిదిన్నర కాల్ ఏడున్నర అవుతుందంటే మాత్రం పిల్లల్ని బడికి దింపే టైమ్ అది, వాళ్ళకూ ఇల్లుంటుంది.

4. సాయంత్రం కొస కదలకపోతే పొద్దున కొస కదపండి. అందరూ మరిచిపోయే మార్గం ఇదే, మన చేతిలో ఉన్నదీ ఇదే. స్టాండప్ ఇక్కడి టీమ్‌దే, క్లయింటు అనుమతితో పనిలేదు. నవంబరు మొదటి ఆదివారం మర్నాటి నుంచి 10:30కి జరిపి, మార్చిలో మళ్ళీ 9:30కి తెచ్చుకోండి. జరిపాక ఆ గంట పొద్దునే మెయిల్ తెరిస్తే జరిపిన ఫలితం దక్కదు.

5. ఇదంతా అక్టోబరు మధ్యలోనే అడగండి. నవంబరులో అందరి క్యాలెండర్లూ గట్టిపడిపోతాయి. అక్టోబరు 15కి ఏటా వచ్చే రిమైండర్ ఇప్పుడే పెట్టుకోండి.

యూకే క్లయింటు కూడా ఉంటే ఇంకొక్కటి. అక్కడ మార్పు మార్చి, అక్టోబరు నెలల చివరి ఆదివారం. అక్టోబరులో అమెరికాకన్నా వారం ముందు, మార్చిలో రెండు మూడు వారాలు వెనక. ఆ మధ్యకాలంలో కాల్స్ ఒకదానిమీద ఒకటి పడతాయి. ఆ వారాలకు మాత్రం చేత్తో సర్దుకోవాలి.

లక్షణం: రాత్రి తొమ్మిదిన్నర, పదికి కొత్త మీటింగులు వచ్చి పడుతుంటాయి

కారణం: మీ పనివేళలు అవతలివాళ్ళకు తప్పుగా కనపడుతున్నాయి. ఔట్‌లుక్‌లో మీటింగ్ పెట్టేవాళ్ళు షెడ్యూలింగ్ అసిస్టెంట్‌లో (ఎవరు ఎప్పుడు ఖాళీయో చూపే పేజీ) మీ వరస చూస్తారు. మీ పనివేళల బయటి భాగం బూడిదరంగులో ఉంటుంది. పనివేళలకు విడిగా ఒక టైమ్‌జోన్ సెట్టింగ్ ఉంది. కొన్ని అకౌంట్లలో అది పసిఫిక్ టైమ్‌లో (అమెరికా పడమటి తీరం గడియారం) పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఐదుగానే ఉండిపోతుంది. చలికాలంలో అది మనకు రాత్రి తొమ్మిదిన్నర నుంచి తెల్లవారి ఆరున్నర. అంటే మీరు పడుకునే వేళ అక్కడ తెల్లగా, ఖాళీగా, రమ్మని పిలుస్తున్నట్టు కనపడుతుంది. పెట్టినవాళ్ళ తప్పేమీ లేదు.

మీ స్క్రీన్ మీద ఇది తెలియదు. టీమ్‌లో ఎవరినైనా కొత్త మీటింగ్ తెరిచి మీ పేరు చేర్చమని, బూడిదరంగు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతోందో చెప్పమనండి. రెండు నిమిషాల పని. తప్పుగా ఉంటే వెబ్ ఔట్‌లుక్‌లో సెట్టింగ్స్, క్యాలెండర్, వర్క్ అవర్స్ అండ్ లొకేషన్‌లోకి వెళ్ళి టైమ్‌జోన్, గంటలు రెండూ దిద్దండి. గూగుల్ క్యాలెండర్‌లో కూడా వర్కింగ్ అవర్స్ విడిగా ఉంటాయి.

లక్షణం: మధ్యాహ్నం రెండు మూడు గంటలు ఖాళీయే, అయినా అలుపు తీరదు

కారణం: మైక్రోసాఫ్ట్ టీమ్స్‌లో మీరు అందుబాటులో ఉన్నట్టు చూపే పచ్చచుక్క ఆరిపోతుందని లాప్‌టాప్ పక్కనే కాపలా కూర్చోవడం. పనిచేయరు, విశ్రాంతీ తీసుకోరు. పొద్దున ఒక షిఫ్టు, సాయంత్రం ఒక షిఫ్టు ఉన్నవాళ్ళకు మధ్యలోది నిజమైన విరామం కావాలి. మేనేజర్‌కి చెప్పి 2:30 నుంచి 4:30 దాకా క్యాలెండర్‌లో బిజీగా బ్లాక్ చేయండి. స్టేటస్ మెసేజ్‌లో "4:30కి అందుబాటులో ఉంటాను, అత్యవసరమైతే కాల్ చేయండి" అని పెట్టి లాప్‌టాప్ మూత వేసేయండి. కునుకు తీస్తే 20 నిమిషాలకు అలారం పెట్టుకోండి, గంట పడుకుంటే సాయంత్రం కాల్ మత్తుగా సాగుతుంది.

లక్షణం: శని, ఆదివారాలు కూడా ఫోన్ మోగుతూనే ఉంటుంది

ఒకచోట ఆపి మిగతా రెండుచోట్ల వదిలేస్తారు. టీమ్స్ మొబైల్‌లో క్వైట్ టైమ్ వేరు, ఔట్‌లుక్ యాప్‌లో డు నాట్ డిస్టర్బ్ వేరు, టీమ్ వాట్సాప్ గ్రూపు వేరు. మూడూ సెట్ చేయాలి. ఆండ్రాయిడ్ ఫోన్లో కంపెనీ వర్క్ ప్రొఫైల్ పెట్టి ఉంటే ఇంకా సులువు, వర్క్ యాప్స్ పాజ్ చేస్తే ప్రొఫైల్‌లో ఉన్నవన్నీ ఒకేసారి నిద్రపోతాయి. వాట్సాప్ మాత్రం దాని బయట ఉంటుంది, ఆ గ్రూపుని విడిగా మ్యూట్ చేయండి. ఆన్‌కాల్ (అత్యవసరమైతే పలకాల్సిన వంతు) ఉన్న వారం ఎవరికి ఫోన్ చేయాలో గ్రూపులో ముందే రాసిపెడితే మిగతావాళ్ళు నిశ్చింతగా ఉంటారు. ఆఫీసు వేళల తర్వాత పలకకపోయే హక్కును ఫ్రాన్స్ 2016లో చట్టంలో పెట్టి, 2017 నుంచే అమలు చేస్తోంది. మన దగ్గర అలాంటి కేంద్ర చట్టం రాలేదు కాబట్టి, టీమ్‌లో రాసుకున్న మాటే చట్టం.

లక్షణం: ఇంట్లోవాళ్ళతో రోజూ కీచులాట

"ఇంట్లోనే ఉన్నావుగా నాన్నా, సిలిండర్ అబ్బాయి వచ్చాడు, ఫోన్లో ఆ నంబరేదో చెప్పు." సరిగ్గా క్లయింటు ప్రశ్న అడిగినప్పుడే వస్తుంది ఈ మాట. అమ్మ తప్పేమీ లేదు, తలుపు వెనక ఏం జరుగుతోందో ఆమెకు ఎలా తెలుస్తుంది? ఆ వారం కాల్ టైములు పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి ఫ్రిజ్ మీద అంటించండి. కాల్‌లో ఉంటే తలుపు మూసి, లేకపోతే తీసి ఉంచండి. తెరిచి ఉన్న తలుపు దగ్గర పిలిస్తే మాత్రం పలకాలి, లేకపోతే రెండోరోజుకే ఎవరూ ఆ గుర్తును పట్టించుకోరు. గ్యాస్ కనెక్షన్‌కి ఉన్న మొబైల్ నంబరును ఇంట్లో తీరికగా ఉండేవాళ్ళ నంబరుకు మార్పిస్తే డెలివరీ కోడ్ వాళ్ళకే వస్తుంది.

లక్షణం: కాల్ అయ్యాక పడుకుంటే ఒంటిగంట దాకా నిద్ర రాదు

పదిన్నరకు తిని పదకొండుకు పడుకుంటే నిద్ర ఎలా వస్తుంది? సాయంత్రం మొదటి కాల్‌కి ముందే, ఆరున్నర ఏడు మధ్య భోజనం కానివ్వండి, కాల్ అయ్యాక గ్లాసుడు మజ్జిగ చాలు. ఏడున్నరకు కాల్ ముందు తాగే కాఫీ మానండి. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. కాఫీ అయినా టీ అయినా నాలుగున్నర లోపే.

లక్షణం: మెడ, నడుము నొప్పి

డైనింగ్ కుర్చీ, లాప్‌టాప్ స్క్రీన్ కిందకు ఉండటం, అంతే. స్క్రీన్ పైఅంచు కంటి ఎత్తుకు వచ్చేదాకా లాప్‌టాప్ కింద పుస్తకాలు పెట్టి, కీబోర్డు, మౌస్ విడిగా వాడండి. మోచేతులు టేబుల్ ఎత్తుకు రావాలంటే కుర్చీలో దిండు వేసుకోండి. అప్పుడు కాళ్ళు గాల్లో వేలాడితే పాదాల కింద వంటింటి పీట వేయండి. నొప్పి కాళ్ళలోకి పాకినా, తిమ్మిరెక్కినా డాక్టరుకు చూపించండి.

అరుదుగా కనపడేవి

కరెంటు పోయి పని రాత్రికి వాయిదా పడుతుంటే రౌటర్‌కి చిన్న యూపీఎస్ చాలు, రౌటర్ అడాప్టర్ మీద రాసిన వోల్టులు, ఆంపియర్లు చూసి కొనండి. ఊళ్ళో నెట్ రాత్రిళ్ళే బాగుంటోందంటే రెండో సిమ్ వేరే కంపెనీది పెట్టుకోండి. క్లయింటు ఫీనిక్స్‌లో ఉంటే గడియారం గొడవే లేదు, అరిజోనాలో అత్యధిక భాగం టైమ్ మార్చదు. కాకపోతే అక్కడి మీటింగ్‌ని న్యూయార్క్‌లో ఉన్నవాళ్ళు పెట్టి ఉంటే మాత్రం నవంబరులో అదీ జరుగుతుంది, పెట్టిందెవరో చూసుకోండి.