అమెరికాలో కాలేజీ ఫీజు, హన్మకొండలో టాక్స్: ఏ లాభం ఎవరికొస్తుంది?

జనవరి నెలాఖరుకల్లా అమెరికా కాలేజీల నుంచి 1098-టి అనే ఫారం వస్తుంది. అది రాగానే మన పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే హడావిడి. ఎవరో సీనియర్ "నాకు వెయ్యి డాలర్లు రిఫండ్ పడింది, నువ్వూ వేసెయ్" అంటాడు, ఇవతల అప్పు తెచ్చి ఫీజు కట్టిన తండ్రికి ఫోన్ వస్తుంది, "బాపూ, కట్టిన ఫీజుల కొంత వాపస్ వస్తదంట" అని. చాలామందికి రాదు. పొరపాటున అకౌంట్లో పడ్డా మళ్లీ వడ్డీతో కట్టాల్సి వస్తుంది.

ముందు ఆ ఫారంలో ఏముందో చూద్దాం. బాక్స్ 1 అంటే ఆ క్యాలెండర్ సంవత్సరంలో కాలేజీకి ముట్టిన ట్యూషన్ ఫీజు. రూమ్ కిరాయి, తిండి, హెల్త్ ఇన్సూరెన్స్ దాంట్లోకి రావు. బాక్స్ 5 స్కాలర్‌షిప్పులు, గ్రాంట్లు. బాక్స్ 9లో టిక్ ఉంటే గ్రాడ్యుయేట్ విద్యార్థి, అంటే మన ఎంఎస్ పిల్లలంతా అదే. తికమక పెట్టేది బాక్స్ 7. జనవరిలో మొదలయ్యే సెమిస్టర్ ఫీజు డిసెంబర్‌లోనే కట్టేస్తే ఆ మొత్తం ఈ ఏడాది ఫారంలోకే ఎక్కి బాక్స్ 7లో టిక్ పడుతుంది, వచ్చే ఏడాది ఫారంలో ఆ మేరకు తక్కువ కనిపిస్తుంది. అది చూసి "ఫీజు పూర్తిగా కట్టలేదారా?" అని పిల్లాడి మీద అరవకండి.

ఈ ఫారం వచ్చినంత మాత్రాన క్రెడిట్, అంటే కట్టాల్సిన పన్నులో నేరుగా తగ్గింపు, వచ్చినట్టు కాదు. అది సమాచారం మాత్రమే. నాన్‌రెసిడెంట్ (అమెరికా పన్ను లెక్కలో అక్కడివాళ్లు కాని) విద్యార్థులు అడగకపోతే కాలేజీ దాన్ని పంపాల్సిన అవసరం కూడా లేదు, అయినా చాలా కాలేజీలు అందరికీ పంపేస్తాయి. అసలు గందరగోళం అక్కడే మొదలవుతుంది.

అమెరికాలో చదువు ఖర్చుకు రెండు క్రెడిట్లున్నాయి, రెండింటికీ ఫారం 8863. మొదటిది అమెరికన్ ఆపర్చ్యునిటీ క్రెడిట్: మొదటి 2,000 డాలర్ల ఖర్చుకు నూరు శాతం, తర్వాతి 2,000కు 25 శాతం, మొత్తం 2,500 డాలర్ల దాకా. అందులో 1,000 డాలర్ల వరకు పన్ను లేకపోయినా చేతికిస్తారు, వాట్సాప్‌లో తిరిగే వెయ్యి అదే. కానీ ఇది డిగ్రీ మొదటి నాలుగేళ్ల చదువుకు, బీటెక్ చేసి ఎంఎస్‌కు వెళ్లినవాళ్లకు కాదు. రెండోది లైఫ్‌టైమ్ లెర్నింగ్ క్రెడిట్: 10,000 డాలర్ల ఖర్చు మీద 20 శాతం, అంటే గరిష్ఠంగా 2,000 డాలర్లు. ఎంఎస్‌కూ వర్తిస్తుంది, అయితే కట్టాల్సిన పన్ను తగ్గుతుందే తప్ప చేతికి డబ్బు రాదు. రెండింటికీ ఒంటరివాళ్లకు ఆదాయం 80,000 డాలర్లు దాటితే కోత మొదలై 90,000 దగ్గర పూర్తిగా ఆగిపోతుంది.

వీటన్నిటికంటే ముందు చూసుకోవాల్సింది రెసిడెన్సీ, అంటే పన్ను లెక్కలో మీరు అక్కడివాళ్లా కాదా అన్నది. ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద వెళ్లినవాళ్లు మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు సాధారణంగా పన్ను లెక్కలో నాన్‌రెసిడెంట్లే. 2022 ఆగస్టులో దిగినా, డిసెంబర్ 30న దిగినా 2022 ఒక పూర్తి సంవత్సరంగానే లెక్క, కాబట్టి 2026 దాకా అదే హోదా. వీళ్లు వేయాల్సింది నాన్‌రెసిడెంట్ల రిటర్న్ 1040-ఎన్ఆర్, దాంతోపాటు ఆ హోదా తెలిపే ఫారం 8843. ఆదాయం అసలే లేకపోయినా 8843 పంపాలి. రెసిడెంట్ జీవిత భాగస్వామితో కలిసి తననూ రెసిడెంట్‌గా లెక్కించమని ప్రత్యేకంగా ఎంచుకుంటే తప్ప, నాన్‌రెసిడెంట్‌కు ఈ రెండు క్రెడిట్లూ రావు. మామూలు టాక్స్ సాఫ్ట్‌వేర్ మాత్రం మీ వీసా సంగతి పట్టించుకోకుండా రెసిడెంట్లు వేసే మామూలు 1040 వేసి, 1098-టి అంకెలు అడిగి, రిఫండ్ చూపించేస్తుంది. అట్లా వేసేసినవాళ్లు 1040-ఎక్స్ అనే సవరణ రిటర్న్‌తో సరిచేసుకోవడమే మంచిది. నిర్లక్ష్యంగా క్లెయిమ్ చేశారని తేలితే రెండేళ్లు, మోసమని తేలితే పదేళ్లు ఆ అమెరికన్ ఆపర్చ్యునిటీ క్రెడిట్ నిషేధిస్తారు. వెయ్యి డాలర్ల కోసం ఆ టెన్షన్ ఎందుకు? పోనీ ఊరట కావాలంటే ఒకటుంది: భారత్-అమెరికా పన్ను ఒప్పందంలోని 21వ ఆర్టికల్ వల్ల మన విద్యార్థులు నాన్‌రెసిడెంట్లుగా ఉంటూనే స్టాండర్డ్ డిడక్షన్ (ఆదాయంలోంచి నేరుగా తీసేసే నిర్ణీత మొత్తం) తీసుకోవచ్చు. చాలా దేశాల పిల్లలకు అది లేదు. ఆ గ్రూపుల్లో చెప్పుకోవాల్సింది ఇది, ఎవరూ చెప్పరు.

మరి క్రెడిట్ ఎవరికొస్తుంది? భర్త హెచ్-1బి మీద రెసిడెంట్ అయి, భార్య హెచ్-4 (డిపెండెంట్ వీసా) మీద ఎంఎస్ చదువుతూ, ఇద్దరూ కలిసి రిటర్న్ వేస్తే లైఫ్‌టైమ్ క్రెడిట్‌కు దారి ఉండొచ్చు. ఆదాయ పరిమితి అప్పుడు 160,000 నుంచి 180,000 డాలర్లు.

ఇక ఇటువైపు సంగతి. ఫీజు కట్టాం కదా, మన ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 80సిలో చూపిద్దామంటే కుదరదు. ఆ ట్యూషన్ ఫీజు మినహాయింపు ఇండియాలో ఉన్న విద్యాసంస్థలకే. హన్మకొండ నైమ్‌నగర్‌లో ఇంటర్ చదివే చిన్నోడి ఫీజు చూపించొచ్చు, డాలస్‌లో పెద్దోడిది కుదరదు. పెద్దోడి విషయంలో పనికొచ్చేది 80ఇ, అంటే ఎడ్యుకేషన్ లోన్ మీద కట్టిన వడ్డీ. దీనికి పైపరిమితి లేదు, విదేశీ చదువైనా ఫర్వాలేదు, కానీ అసలు మీద రాదు, మిత్తి మీదే. నూటికి రెండు రూపాయల మిత్తికి తెలిసినవాళ్ల దగ్గర తెచ్చినదానికి ఏమీ రాదు. ఫైనాన్స్ కంపెనీ లోన్ అయితే ఆ కంపెనీని ప్రభుత్వం 80ఇ కోసం నోటిఫై చేసిందో లేదో సంతకానికి ముందే అడగండి.

80ఇ ఉంటుంది ఎనిమిదేళ్లే, అదీ మీరు వడ్డీ కట్టడం మొదలుపెట్టిన సంవత్సరం నుంచి. చదువు నడుస్తున్నప్పుడే కొంచెం కొంచెం వడ్డీ కడితే ఆ గడియారం అప్పుడే మొదలవుతుంది. అప్పు తొందరగా తీరడం ముఖ్యమనుకుంటే కట్టండి, తప్పేం లేదు, కాకపోతే తెలిసి కట్టండి. ఇంకోటి, లోన్‌లో తండ్రి పేరుండాలి, కట్టేది ఆయన ఆదాయం నుంచి ఆయన ఖాతాలోంచి పోవాలి. కొడుకు అమెరికా నుంచి నేరుగా ఈఎంఐ కడుతుంటే తండ్రి క్లెయిమ్ చేయడం సరికాదు.

అందరూ మర్చిపోయేదొకటి: 80ఇ పాత పన్ను విధానంలోనే ఉంది. 2025-26లో కొత్త విధానంలో జీతం 12.75 లక్షల దాకా ఉన్నవాళ్లకు పన్నే లేదు, వాళ్లకు 80ఇతో పనే లేదు. సింగరేణిలోనో ఎన్టీపీసీలోనో 16 లక్షల జీతం ఉందనుకోండి. కొత్త విధానంలో పన్ను సెస్సుతో కలిపి 1,13,100. పాత దాంట్లో స్టాండర్డ్ డిడక్షన్ 50,000, 80సి 1.5 లక్షలు, ఎడ్యుకేషన్ లోన్ వడ్డీ 3 లక్షలు తీసేసినా 1,48,200 వస్తుంది. అంటే మూడు లక్షల వడ్డీ చూపించినా పాతదే నష్టం! దానికి ఇంటి లోన్ వడ్డీ 2 లక్షలు కూడా తోడైతే 96,200కు దిగుతుంది, అప్పుడు పాతదే నయం. వ్యాపార ఆదాయం లేని ఉద్యోగులు ఏటా మార్చుకోవచ్చు, కాబట్టి రిటర్న్ వేసేముందు రెండు లెక్కలూ కాగితం మీద వేసి చూడండి. సెక్షన్ నంబర్లు 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టంతో మారాయి, మీ ఆడిటర్ వేరే నంబర్ చెబితే కంగారుపడకండి.

చివరగా టీసీఎస్, అంటే విదేశాలకు డబ్బు పంపేటప్పుడే బ్యాంకు పట్టుకునే పన్ను. బ్యాంకు లోన్ నుంచి పోయే ఫీజుకు 2025 ఏప్రిల్ నుంచి టీసీఎస్ లేదు. సొంత డబ్బు పంపితే మాత్రం ఏడాదిలో 10 లక్షలు దాటిన దాని మీద 2025-26లో 5 శాతం పట్టుకున్నారు. పొలం అమ్మి 25 లక్షలు పంపితే 75,000 అన్నమాట. అది ఖర్చు కాదు, మీ పాన్ మీద జమైన పన్ను. మీ పాన్ మీద జమైన పన్నుల లెక్క చూపే 26ఏఎస్‌లో ఆ మొత్తం కనిపిస్తోందో లేదో చూసుకుని, పన్ను పడే ఆదాయం లేకపోయినా సరే, గడువులోపు రిటర్న్ వేస్తే వెనక్కి వస్తుంది.