ఓడ స్పీడ్ చెప్పే "నాట్" ని ఎలా వాడాలి

ఓడల గురించి చదివేటప్పుడు "20 నాట్స్" అని కనిపిస్తే కొంతమంది అది దూరం అనుకుంటారు, ఇంకొంతమంది పక్కన "పర్ అవర్" తగిలిస్తారు, రెండూ తప్పే. నాట్ అంటేనే గంటకి ఒక నాటికల్ మైలు, అంటే గంటకి 1.852 కిలోమీటర్లు. గంట అందులోనే ఉంది కాబట్టి "ఓడ 20 నాట్స్‌లో వెళ్తోంది" అంటే చాలు. దూరం చెప్పాలంటే నాటికల్ మైళ్ళు అనండి, "రేవు ఇంకా 40 నాట్స్ ఉంది" అనకూడదు.

పేరు నిజంగానే తాడు ముడి నుంచి వచ్చింది. తెరచాప ఓడల కాలంలో పొడవాటి తాడుకి 47 అడుగుల 3 అంగుళాలకి ఒకటి చొప్పున ముళ్ళు వేసి, చివర చెక్క పలక కట్టి ఓడ వెనక నీళ్ళలోకి వదిలేవాళ్ళు, పలక దాదాపు పడినచోటే ఉండిపోతుంది, ఓడ ముందుకి పోతుంటే తాడు జారుతూ ఉంటుంది, 28 సెకన్ల ఇసుక గడియారం ఖాళీ అయ్యేలోపు చేతిలోంచి ఎన్ని ముళ్ళు జారితే అన్ని నాట్స్. లెక్కేసి చూడండి, 28 సెకన్లకి అంత తాడు అంటే గంటకి ఒక నాటికల్ మైలే వస్తుంది. ఎంత తెలివైన ఏర్పాటో కదా, గుణకారాలూ భాగహారాలూ లేకుండా ముళ్ళు లెక్కపెడితే అయిపోయింది!

మరి కిలోమీటర్లు ఉండగా ఇప్పటికీ ఇదే ఎందుకంటే, అక్షాంశంలో ఒక నిమిషం, అంటే డిగ్రీలో 60వ వంతు, ఇంచుమించు ఒక నాటికల్ మైలు (1929లో మొనాకో సమావేశంలో దీన్ని 1852 మీటర్లుగా ఖాయం చేశారు). అందుకే సముద్రపు చార్ట్ మీద దూరం కొలవాలంటే పక్క అంచున ఉండే అక్షాంశాల స్కేలే వాడాలి, అదీ మీరు కొలిచే చోటుకి ఎదురుగా ఉన్న భాగం. పైనా కిందా ఉండే రేఖాంశాల స్కేల్ వద్దు, ధ్రువాల వైపు పోయేకొద్దీ రేఖాంశాలు దగ్గరైపోతాయి. కొలిస్తే 60 నిమిషాలు వచ్చిందనుకోండి, అది 60 నాటికల్ మైళ్ళు, 12 నాట్స్‌లో 5 గంటలు.

కిలోమీటర్లలోకి నోటిలెక్కగా మార్చాలంటే రెట్టింపు చేసి పదో వంతు తీసెయ్యండి, 20 నాట్స్ అంటే 40 లోంచి 4 తీస్తే 36, అసలు లెక్క 37, అంత తేడా పర్లేదు. విమానాల స్పీడ్, గాలి వేగం కూడా చాలాచోట్ల నాట్స్‌లో చెప్తారు, లెక్క అదే.

ఒక్కటి మాత్రం తప్పకుండా చూసుకోండి, ఆ స్పీడ్ నీళ్ళతో పోల్చి చెప్పిందా, కదలని నేలతో పోల్చి చెప్పిందా అని. ఎదురు ప్రవాహం 3 నాట్స్ ఉంటే నీళ్ళలో 12 నాట్స్‌తో పోయే ఓడ జీపీఎస్‌లో 9 నాట్స్ చూపిస్తుంది, ఎప్పుడు చేరతామో లెక్కేసేటప్పుడు ఆ 9 తీసుకోవాలి.