వసంతకాలపు మంచు మీద కుక్కతో స్కీజోరింగ్ ఎలా చేయాలి?

స్కీజోరింగ్ పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. కుక్క ముందు లాగుతుంటే మీరు వెనక మంచు మీద జారడమే. మీ కాళ్లకు స్కీలు, నడుముకు బెల్టు, కుక్కకు హార్నెస్ (ఒంటికి తొడిగే పట్టీలు), మధ్యలో సాగే తాడు, అంతే. గుర్రాలతోనూ చేస్తారు, 1928 సెయింట్ మోరిట్జ్ వింటర్ ఒలింపిక్స్‌లో దాన్ని ప్రదర్శన ఆటగా పెట్టారు కూడా. నేను చెప్పేది కుక్కలతో, అదీ నార్వే కొండల్లో ఏప్రిల్‌లో చేసే పద్ధతి. అక్కడ ఓస్లో-బెర్గెన్ రైలు మార్గంలో 1,222 మీటర్ల ఎత్తున ఫిన్సె అనే స్టేషన్ ఉంది, రోడ్డే లేదు, రైలు దిగితే ఎదురుగా మంచే.

ముందు కుక్క లేకుండా స్కీయింగ్ నేర్చుకోండి. తిరగడం, ఆగడం, పడి లేవడం వచ్చాకే కుక్కను కట్టుకోండి. లేకపోతే అది కుందేలును చూసిందంటే మీ గతి దేవుడెరుగు. స్కీలు క్రాస్ కంట్రీవి, అంటే చదును మంచు మీద వెళ్లే సన్నటివి తీసుకోండి, అంచుకు ఉక్కు పట్టీ ఉన్నవి వద్దు, పొరపాటున తగిలితే కుక్క కాళ్లు తెగుతాయి.

కుక్క పెరగడం పూర్తయి ఉండాలి, అంటే ఏడాది, ఏడాదిన్నర దాటాలి. బరువు కనీసం 15 కిలోలుంటే మంచిది. మంచుబండ్లు లాగే హస్కీ జాతే కావాలని లేదు, లాగాలన్న ఉత్సాహం ఉంటే చాలు. హార్నెస్ లాగడానికి కుట్టినదై ఉండాలి, మెడ పట్టీకి తాడు కడితే గొంతు నొక్కుకుపోతుంది. తాడు రెండున్నర నుంచి మూడు మీటర్లు, బెల్టుకు ఒక్క గుంజుతో ఊడే కొక్కెం తప్పనిసరి.

మాటలు మంచు పడకముందే, నడకలోనే నేర్పండి. ఇంగ్లీషులో కుడికి ‘జీ’, ఎడమకు ‘హా’ అంటారు. మీరు కావాలంటే మన ఎద్దుల వాళ్లలా వలపట, దాపట అనండి, కుక్కకు భాషతో పనిలేదు, ఎప్పుడూ అదే మాట అంటే చాలు. ‘ఆగు’ మాత్రం బాగా ఒంటబట్టాలి.

ఇక అసలు సంగతి గడియారం. వసంతంలో మంచు రాత్రి గడ్డకట్టి పొద్దున రాయిలా ఉంటుంది, ఎండెక్కేకొద్దీ పైపొర గరుకు గింజలుగా మారుతుంది, ఆ కాసేపే హాయిగా జారొచ్చు, మధ్యాహ్నానికి లోపలి దాకా మెత్తబడి కుక్క కాలు మోకాలి దాకా దిగబడుతుంది. కాబట్టి తెల్లవారగానే బయల్దేరి ఎండ ముదిరేలోపు వెనక్కి వచ్చేయండి. స్కీ కర్రతో పొడిచి చూడండి, కర్ర కొన దగ్గరుండే చక్రం దగ్గర ఆగకుండా సర్రున దిగిపోతుంటే ఆ రోజుకు అయిపోయినట్టే. మంచు మెత్తబడే కొద్దీ వాలుల మీద మంచు చరియలు విరిగిపడే ముప్పూ పెరుగుతుంది. పొద్దుటి గట్టి మంచు అద్దంపెంకులా పాదాలను కోస్తుంది, అందుకే కుక్కకు గుడ్డ బూట్లు వేయండి. సరస్సుల మీది గడ్డ ఈ నెలల్లో పలచబడుతుంది, స్థానికులను అడగకుండా దాటొద్దు.

నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది కుక్కకు ఒళ్లు వేడెక్కడం. మనకు చల్లగా ఉందనిపించే 5, 6 డిగ్రీల్లో కూడా, నెత్తిన ఎండ, కింద తెల్లటి మంచు, ఒంటి మీద దట్టమైన బొచ్చు, పైగా లాగే పని. బయల్దేరే ముందు నీళ్లలో కాస్త మాంసం ముక్కలు కలిపిస్తే గటగటా తాగేస్తుంది, కడుపునిండా తిండి మాత్రం వద్దు. నాలుక వెడల్పుగా వేలాడేసి ఆగకుండా రొప్పుతుంటే, మంచులో పడుకోబోతుంటే, వెంటనే తాడు విప్పి నీడలో కూర్చోబెట్టండి. మొదటి రోజు 2, 3 కిలోమీటర్లు చాలు, అదీ మీరు కర్రలతో తోస్తూ సాయం చేస్తూనే, కుక్క మీద ఊరేగుతూ కాదు.

నార్వేలో ఏప్రిల్ 1 నుంచి ఆగస్టు 20 దాకా కుక్కల్ని ఊరికే వదలకూడదని చట్టం, ఫిన్సె పక్కనే హార్డాంగర్‌విడ్డా పీఠభూమిలో అడవి రెయిన్‌డీర్లు ఉంటాయి. మంద కనిపిస్తే ఆగి దూరం నుంచే దారి మార్చుకోండి.

తిరిగొచ్చాక ముందు మీ బూట్లు కాదు, దాని బూట్లు విప్పండి. వేళ్ల మధ్య మంచు ఉండలు కట్టి ఉంటాయి, గోరువెచ్చని నీళ్లతో కరిగించి తుడిచి, కోతలు ఉన్నాయేమో ఒక్కో పాదం చూడండి.